ఫ్లూట్, క్లారినెట్, శాక్స్ మూడూ ఒక్కడే వాయించాలి: స్కూల్ నాటకానికి సలహా కావాలి

వేణు_తొమ్మిదో_క్లాసు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. యాన్యువల్ డేకి మా స్కూల్లో గంటన్నర సంగీత నాటకం వేస్తున్నారు. రికార్డు పెట్టకుండా లైవ్ ఆర్కెస్ట్రా పెడుతున్నారు. కీబోర్డు, హార్మోనియం, రెండు వయొలిన్లు, తబలా, ప్యాడ్స్, గాలి వాద్యాలకు నేనొక్కడినే. మొత్తం 9 పాటలు. ఐదింట్లో వెదురు ఫ్లూట్, మూడింట్లో బి-ఫ్లాట్ క్లారినెట్, నాలుగింట్లో ఆల్టో శాక్స్. కొన్ని పాటల్లో మధ్యలోనే మారాలి.

ఫ్లూట్ చిన్నప్పటినుంచి నేర్చుకుంటున్నా, స్వరాలు బాగా వచ్చు. క్లారినెట్, శాక్స్ స్కూల్ బ్యాండువి. స్టాఫ్ నొటేషన్ నెమ్మదిగా చదవగలను. విడివిడిగా వాయిస్తే మూడూ బాగానే వస్తున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిన వెంటనే మాత్రం క్లారినెట్ కీచుమంటోంది, ఫ్లూట్‌లో గాలి తప్ప నాదం రావడం లేదు. ఆరో పాటలో శాక్స్ ఆపి ఫ్లూట్ అందుకోవడానికి 2 బార్లే ఉన్నాయి, టెంపో 108 (నిమిషానికి 108 బీట్లు). రిహార్సల్స్ స్కూల్ హాల్లో ఫ్యాన్ల కింద, షో మాత్రం బయట అద్దెకు తీసుకున్న ఏసీ హాల్లో. ఏం చేయాలో కొంచెం చెప్పండి.

శ్రుతిపెట్టె

తమ్ముడూ, ముందు ఆ 2 బార్ల లెక్క చూద్దాం. 4/4లో 2 బార్లంటే 8 బీట్లు. 108 టెంపోలో అది నాలుగున్నర సెకన్లు కూడా లేదు. శాక్స్ వదలాలి, ఫ్లూట్ అందుకోవాలి, పెదవి కుదుర్చుకోవాలి, ఊపిరి తీసుకోవాలి. చేత్తో మారడం సాధ్యమేగానీ మొదటి స్వరం శుభ్రంగా పలకదు. మీ సార్‌తో మాట్లాడి శాక్స్ చివరి 2 బార్లు కీబోర్డుకు ఇప్పించేయి. అప్పుడు నీకు 4 బార్లు, అంటే దాదాపు 9 సెకన్లు దొరుకుతాయి. వినేవాళ్ళకు తేడా తెలియదు. పెద్ద పెద్ద షోలలో కూడా ఇలాంటి చోట పార్టు కోయడం మామూలే, మొహమాటపడొద్దు.

రెండోది సామాను పెట్టుకునే తీరు. చేతులు లేని కుర్చీ తీసుకో. మెడ పట్టీ నాటకం అయ్యేదాకా మెడలోనే ఉండాలి. ఫ్లూట్‌కి మారేటప్పుడు శాక్స్ హుక్ తీయకు. కుడి తొడ పక్కకు జరిపి వేలాడనియ్యి, ఫ్లూట్ దాని పైనుంచి హాయిగా పట్టుకోవచ్చు. క్లారినెట్‌కు మేకు స్టాండు కుడి కాలి దగ్గర, ఫ్లూట్‌కు మోకాలి ఎత్తులో ఇంకో చిన్న స్టాండు. ఒడిలో మాత్రం పెట్టుకోవద్దు. లేచి నిలబడగానే దొర్లిపోతుంది, వెదురు గనక పగులుతుంది. ఏ వాద్యం ఎక్కడ పెడతావో రిహార్సల్ మొదటి రోజే ఖాయం చేసుకో, షో రోజు అంగుళం కూడా జరపకు. లైట్లు ఆర్పినప్పుడు చెయ్యి అలవాటు మీదే వెళ్తుంది.

కాగితాలు ఏ4 మీద ఒకవైపే ప్రింటు తీసి, మూడేసి అట్టకు అంటించుకో. మారాల్సిన చోటుకు 2 బార్ల ముందే ఎర్ర పెన్నుతో పెద్దగా ‘ఫ్లూట్’ అని రాయి. మారే చోట రాస్తే చదివేసరికి దాటిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది శ్రుతి. నటించే పిల్లలు చివరి వారంలో గొంతు అందడం లేదంటారు, కీబోర్డు వాయించే ఆయన శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కి ఊరుకుంటాడు. ఆయనకు ఏమీ మారదు, నీకు అంతా మారుతుంది. 4 శ్రుతి పాట అంటే కీబోర్డులో ఎఫ్. క్లారినెట్, ఆల్టో శాక్స్‌ల స్వరాల పేర్లు కీబోర్డుతో కలవవు. క్లారినెట్‌లో అది జి, ఆల్టోలో డి, రెండూ సులువే. అదే పాటను 3 శ్రుతికి దించారంటే క్లారినెట్‌లో ఎఫ్ షార్ప్ అవుతుంది, 6 షార్పులు, అంటే ఆరు స్వరాలు అర మెట్టు పెంచి వాయించాలి. ఆల్టోలో సి షార్ప్, ఏకంగా 7 షార్పులు. వెదురు ఫ్లూట్ అయితే వేరేదే కావాలి. అందుకని పాటలన్నిటి శ్రుతి షోకి కనీసం మూడు వారాల ముందు కాగితం మీద రాసి, పాడేవాళ్ళతోనూ కీబోర్డుతోనూ ఒప్పించండి. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు.

కొర్లగుంట_క్లారినెట్

పైన సార్ చెప్పిందంతా సరే. కీచు ఎందుకొస్తోందో నేను చెప్తాను.

శాక్స్‌లో వేలు మీట మీద ఎక్కడ పడ్డా ప్యాడ్ (రంధ్రం మీది మెత్తని మూత) మూసుకుంటుంది. క్లారినెట్‌లో నీ వేలి గుజ్జే రంధ్రాన్ని మూయాలి. శాక్స్ వాయించి వచ్చిన వేళ్ళు వదులుగా, కొనలతో పడతాయి. వెంట్రుకంత సందు చాలు, కీచుమంటుంది. మరీ ముఖ్యంగా ఎడమ బొటనవేలు. శాక్స్‌లో అది ఆక్టేవ్ మీట (పై స్థాయికి తీసుకెళ్ళేది) నొక్కితే సరిపోతుంది. క్లారినెట్‌లో వెనక రంధ్రం మూసి ఉంచుతూనే పైనున్న మీటను కొనతో తాకాలి. ఇది అలవాటయ్యేదాకా అద్దం ముందు బొటనవేలు ఒక్కటే సాధన చెయ్యి.

నీకు స్వరాలు వచ్చు కదా, ఇలా చూడు. వేణువులో ఒక స్వరం వేళ్ళు అలాగే ఉంచి గట్టిగా ఊదితే పై స్థాయిలో అదే స్వరం పలుకుతుంది. శాక్స్‌లో మీట నొక్కినా అంతే. క్లారినెట్ మాత్రం అలా చేయదు. కింద షడ్జమం వేళ్ళకు మీట కలిపితే పై స్థాయి పంచమం వస్తుంది. అందుకే కంగారులో శాక్స్ వేళ్ళు క్లారినెట్ మీద పెడితే పాట ఎటో వెళ్ళిపోతుంది. ఒక చిన్న సదుపాయం ఉంది: స్టాఫ్ నొటేషన్‌లో క్లారినెట్ పై స్థాయి వేళ్ళు శాక్స్ వేళ్ళతో చాలావరకు కలుస్తాయి. ఎడమచేతి మూడు వేళ్ళూ మూస్తే రెండిట్లోనూ జి. ఆరు వేళ్ళూ మూస్తే డి. కింది స్థాయిలోనే వేరు. నీ పార్టులో శాక్స్ నుంచి క్లారినెట్‌కు మారిన వెంటనే కింది స్థాయి స్వరాలుంటే, ఆ మొదటి బార్ ఒక్కటీ పేజీ మీద స్వరాల్లో కూడా రాసుకో.

నోటి పట్టు మాట. క్లారినెట్ ఒంటికి దగ్గరగా దిగి ఉండాలి, శాక్స్ ఇంకా ఎత్తుగా దాదాపు నోటికి ఎదురుగా ఉండాలి. పట్టు గట్టిది క్లారినెట్‌కు, వదులుది శాక్స్‌కు. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే ముక్క) ఒక్కటే ఊది, స్వరం పేరు చూపించే ట్యూనర్ పెట్టు. ఆల్టో మౌత్‌పీస్ ఏ దగ్గర, క్లారినెట్‌ది సి దగ్గర పలికితే పట్టు బాగున్నట్టు. ఆల్టోలో సి దాకా పోతున్నావంటే కొరుకుతున్నావు. అలా కొరికిన పెదవితో ఫ్లూట్‌కు వస్తే గాలి తప్ప ఏం రాదు. మారే ముందు ఒక్క క్షణం పెదవులు గుర్రంలా ఫుర్రుమని ఆడించు, సత్తువ తిరిగి వస్తుంది.

రీడ్లు (మౌత్‌పీస్‌కు బిగించే పల్చని పుల్లలు): రెండిటికీ 2.5 నంబరు చాలు, ఈ వయసులో ఇంకా గట్టిదైన 3కి పోవద్దు. ఒక్కో వాద్యానికి మంచివి మూడు సిద్ధంగా ఉంచుకుని రోజుకొకటి వాడు. ఏసీ హాల్లో పక్కన పెట్టిన క్లారినెట్ రీడ్ పావుగంటలో ఎండి కొన అలల్లా వంకర్లు తిరుగుతుంది. మూత పెట్టి ఉంచు, వంతుకు 8 బార్ల ముందు నోట్లో తడుపు. ఖర్చు పెట్టగలిగితే తక్కువ వాయించే వాద్యానికి సింథటిక్ రీడ్ ఒకటి కొనండి, అది ఎండదు. తిరుపతిలో దొరకకపోతే చెన్నై నుంచి తెప్పించుకోవాలి, అందుకని ముందే చూసుకోండి.

ఇంకొకటి, చిన్నదే. విరామంలో ఎవరైనా లడ్డూ పెడితే తర్వాత తింటానని చెప్పు. నెయ్యి, చక్కెర రీడ్‌కూ ప్యాడ్లకూ అంటితే మీటలు చప్ చప్ అని అతుక్కుంటాయి. శాక్స్‌లో జి షార్ప్ మీట ఎప్పుడూ ముందు మొరాయిస్తుంది. పల్చని పొడి కాగితం ప్యాడ్ కింద పెట్టి మూసి తీయాలి, లాగకూడదు.

చిత్తూరు_మేళం

అబ్బోడా, నేనైతే శాక్స్ తీసెయ్యమంటా. మూడు వాద్యాలు తొమ్మిదో క్లాసు పిల్లోడి నెత్తిన పెట్టేది యాడ న్యాయం? నాలుగు పాటల్లో శాక్స్ ఏం జేస్తాండాదో చూడు. ఒట్టి తాళం కొట్టేదైతే కీబోర్డు చేస్తాది. పాట మధ్యలో సోలో ఉంటేనే ఉంచు. రెండు వాద్యాలు బాగా వాయించినోడు మూడు సుమారుగా వాయించినోడికన్నా మేలు.

ఇంగ ఫ్యాన్ల సంగతి ఎవురూ చెప్పలే. స్టాండు ఫ్యాను పక్కనుంచి కొడతాంటే నీ పెదవి దగ్గర గాలి చెదిరిపోతాది, ఫ్లూట్ పలకదు. నీ తప్పేం లేదు. ఫ్యాను నీ వెనకాలకు తిప్పించు, కాగితాలకు క్లిప్పులు పెట్టు.

ఏసీ హాలు కత ఇంగోటి. వేడి ఒక డిగ్రీ తగ్గితే గాలి వాద్యం శ్రుతి 3 సెంట్లు దాకా దిగుతాది. మన హాల్లో 32, ఏసీలో 22 అనుకో, లెక్క ప్రకారం 30 సెంట్లు. అర శ్రుతికి 100 సెంట్లు కదా, అందులో మూడో వంతు దగ్గర పోయినట్టే. ఊదతాంటే నీ ఊపిరి వేడికి కొంచెం లేస్తాది గానీ, పక్కన పెట్టింది మాత్రం చల్లబడి దిగే ఉంటాది. కీబోర్డు ఇంచు కూడా కదలదు. అందుకని చల్లటి క్లారినెట్‌తో శ్రుతి చూసుకోవద్దు. అయిదు నిమిషాలు ఊదినాక చూడు. స్కూల్ హాల్లో బ్యారెల్ (మౌత్‌పీస్ కిందుండే పొట్టి గొట్టం) ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగింటావు, ఏసీలో లోపలికి నొక్కాల్సొస్తాది. శాక్స్‌కు మౌత్‌పీస్ కార్కు మీద లోపలికి. వెదురుకు లాగేది నొక్కేది లేదు. బయటి వైపు తిప్పితే కొంచెం లేస్తాది, అంతే. వంతు వచ్చే ముందు వేళ్ళన్నీ మూసి, సద్దు రాకుండా వెచ్చటి గాలి లోపలికి వదులు, అదే మందు.

హార్మోనియం 440కి (కీబోర్డుకుండే మామూలు శ్రుతి కొలత) ఉండాదో లేదో చూసుకోండి. పాతదైతే కీబోర్డుతోనే కలవదు. ఆ రెండిటి మధ్యలో నువ్వు నలిగిపోతావు. కలవకుంటే హార్మోనియం తీసి పక్కన పెట్టండి.

వేణు_తొమ్మిదో_క్లాసు

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు. సౌండ్ ఆయన నాకు ఒకటే మైకు ఇస్తానంటున్నారు, ఎక్కడ పెట్టించుకోవాలి? రెండోది, శ్రుతిపెట్టె సార్ చెప్పినట్టే జరిగింది. నాలుగో పాట పాడే అమ్మాయికి అందడం లేదని 4 నుంచి 3కి దించుదామంటున్నారు. అందులో నాది క్లారినెట్.

శ్రుతిపెట్టె

దించాలంటే 3కి ఎందుకు, రెండున్నరకు దించమను. పాడే అమ్మాయికి ఇంకా సుఖం. రెండున్నర అంటే ఇ-ఫ్లాట్, నీకు క్లారినెట్‌లో ఎఫ్, ఒక్క ఫ్లాట్ మాత్రమే. కింది స్వరాలు ఆమె గొంతుకు మరీ కిందికి పోతాయంటే 3లోనే ఉంచి, నీ పార్టు వయొలిన్‌కు ఇప్పించు. వయొలిన్‌కు 3 శ్రుతి కష్టమేం కాదు. సార్‌కు చెప్పేటప్పుడు ‘నాకు రాదు’ అనకు, ‘క్లారినెట్‌లో 6 షార్పులు అవుతాయి సార్’ అను, అర్థమవుతుంది.

కొర్లగుంట_క్లారినెట్

మైకు: క్లారినెట్‌లో గానీ శాక్స్‌లో గానీ నాదం కింది గొట్టం నోటినుంచి మాత్రమే రాదు, తెరిచిన రంధ్రాలన్నిటినుంచీ వస్తుంది. గొట్టం నోట్లో మైకు పెడితే కొన్ని స్వరాలు అరుస్తాయి, కొన్ని మాయమవుతాయి. మీటల మధ్య భాగానికి ఎదురుగా, 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో, నీ పొట్ట ఎత్తున ఒకటి పెడితే రెండిటికీ సరిపోతుంది. ఫ్లూట్‌కు మాత్రం పెదవి ఎత్తున వేరే మైకు కావాలి, కొంచెం పైనుంచి వంచి పెట్టాలి, లేకపోతే నీ ఊపిరి నేరుగా తగిలి ఫుఫ్ అంటుంది. పాటల మధ్య డైలాగులకు మైకులుంటాయి కదా, అందులో ఒకటి అడగండి. నిజంగా ఒక్కటే అయితే దాన్ని ఫ్లూట్‌కే ఇవ్వండి. శాక్స్‌కు ఆ హాల్లో మైకు లేకపోయినా వినపడుతుంది.

మన హాళ్ళలో ఆర్కెస్ట్రాకు స్టేజీ ముందు గుంట ఉండదు. పక్కన కూర్చోబెడతారు, అక్కడ స్పీకరు వెనక పడితే పాట నీకు వినపడదు. చిన్న మానిటర్ స్పీకరు ఒకటి నీ వైపు తిప్పమనండి, అందులో కీబోర్డు, పాడేవాళ్ళ గొంతు చాలు. స్టాండుకు తగిలించే క్లిప్ లైటు ఇంటినుంచే తీసుకెళ్ళు.

చిత్తూరు_మేళం

సాధన వరుస చెప్తా, రాసుకో. మొదట ఫ్లూట్ పది నిమిషాలు, తర్వాత క్లారినెట్, చివర్న శాక్స్. పెదవి అలిసిపోకముందే ఫ్లూట్ అయిపోవాల. వారం అట్ల చేసి, తర్వాత మార్పులు మాత్రమే చెయ్యి. మెట్రోనోమ్ పెట్టుకొని ఒక వాద్యంలో 4 బార్లు, 4 బార్లు ఖాళీ, ఇంగో వాద్యంలో 4 బార్లు. మొదట 80 టెంపో, కుదిరినాక 108. రెండో వాద్యంలో మొదటి స్వరం మధ్య స్థాయిలో, మెల్లగా ఉండేది ఎంచుకో. పై స్థాయి స్వరంతో మొదలుపెడితే చల్లటి వాద్యం నిన్ను నమ్మదు.

శాక్స్ తీసేస్తాండారా లేదా, మీ సార్ ఏమన్నారో చెప్పు.

వేణు_తొమ్మిదో_క్లాసు

రెండు పాటల్లో తీసేశారు అన్నా. ఆరో పాటలో సోలో ఉంది, అది ఉంచుతామన్నారు. చివరి 2 బార్లు కీబోర్డుకు వెళ్ళాయి. నాలుగో పాట రెండున్నరకు ఒప్పుకున్నారు.