కొత్తగా బిగించిన కంప్యూటర్ స్టార్ట్ అవ్వట్లేదు, ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది

మలికిపురం_కుర్రాడు:
అందరికీ నమస్కారమండీ. కొబ్బరి దింపు వచ్చినప్పుడల్లా నాన్నగారు కొంత ఇస్తే పార్టులు ఒక్కొక్కటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లోనే కంప్యూటర్ బిగించాను. రైజెన్ 5 5600జీ, బీ550 మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా). గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే వాడదామని. బటన్ నొక్కితే సీపీయూ ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, కాసేపు ఆగి వేస్తే మళ్లీ అదే అర చుట్టు. అమలాపురం తీసుకెళ్తే షాపులో "మా దగ్గర కొన్న సామాను కాదు కదా" అని ముట్టుకోలేదు. ఏ పార్టు పోయిందో తెలియకుండా ఏది వెనక్కి పంపాలో అర్థం కావట్లేదు, రిటర్న్ గడువు దాటిపోతుందని టెన్షన్‌గా ఉంది. సాయం చేయండి.

తణుకు_సర్వీస్:
తమ్ముడూ, ఇప్పుడే ఏదీ వెనక్కి పంపకు. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. ఒకసారి ఆగాక వెనక స్విచ్ ఆపి వేస్తే తప్ప కదలట్లేదన్నావు చూడు, అది ఎస్‌ఎంపీఎస్ ఎక్కడో షార్ట్ కనిపెట్టి తనంతట తాను ఆగిపోయే పద్ధతి. కరెంటు పూర్తిగా తీసి వేసేదాకా అది లాక్ అయ్యే ఉంటుంది. అంటే ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉండి, దానికి తగిలించిన వాటిలో ఏదో షార్ట్ అవుతూ ఉండొచ్చు. అలాగని ఎస్‌ఎంపీఎస్‌ని వదిలేయకూడదు, ముందు దాన్నే విడిగా చూడు.

అన్ని కేబుళ్లూ బోర్డు నుంచి పీకేసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు పిన్నుని పక్కనున్న ఏదో ఒక నల్ల వైరు పిన్నుతో పేపర్ క్లిప్ పెట్టి కలుపు. వైర్లన్నీ నల్లగానే ఉంటే 16వ పిన్నూ 17వ పిన్నూ. క్లిప్ పెట్టేటప్పుడు స్విచ్ ఆపి ఉండాలి, పెట్టాక వెయ్యి. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది. కొన్నింటికి లోడ్ లేకపోతే ఫ్యాన్ తిరగదు, అందుకని కేసు (పార్టులన్నీ బిగించే రేకు డబ్బా) ఫ్యాన్ ఒకటి తగిలించి చూడు. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య చూపించాలి. ఇంకోమాట, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు, లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసేసినా వెంటనే పోదు.

అది బాగుంటే బోర్డుని కేసులోంచి పూర్తిగా బయటికి తియ్యి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, 24 పిన్నులది, పైన సీపీయూ దగ్గర 8 పిన్నులది, అంతే. ఎస్‌ఎస్‌డీ వద్దు, కేసు ఫ్యాన్లు వద్దు, ముందువైపు యూఎస్‌బీ వైర్లు కూడా వద్దు. పవర్ బటన్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం తాకించు. అక్కడ లేస్తే అప్పుడు ఒక్కొక్కటే కలుపుకుంటూ రా. ఒకేసారి రెండు మార్చావా, దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

పాలకొల్లు_ఎడిటర్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, మూడు సిస్టమ్‌లు సొంతంగా బిగించుకున్నవే. ఆ 8 పిన్నుల కనెక్టర్ సంగతి ఒక్కటి కలుపుతాను. సీపీయూదీ 8 పిన్నులే, గ్రాఫిక్స్ కార్డుదీ 8 పిన్నులే. సీపీయూది 4+4గా విడిపోతుంది, కార్డుది 6+2గా విడిపోతుంది. 12 వోల్టులు వచ్చే వైపు రెండింటికీ తలకిందులు. ఆకారం తేడాగా ఉంటుంది కాబట్టి మామూలుగా దూరదు, బలవంతంగా నొక్కితే మాత్రం దూరిపోతుంది, అప్పుడు అచ్చం నువ్వు చెప్పినట్టే ఆగిపోతుంది. ఒకసారి చూసుకో.

నీకు కాదుగానీ ఇది చదివే మిగతావాళ్లకి: ఫ్యాన్లన్నీ తిరుగుతూ ఉండి డిస్‌ప్లే మాత్రం రాకపోతే అది వేరే కథ. మా పక్క స్టూడియో అతను ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ కొన్నాడు. ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకి పెట్టి బోర్డే పోయిందనుకున్నాడు. కేబుల్ తీసి గ్రాఫిక్స్ కార్డుకి పెట్టగానే బొమ్మ వచ్చేసింది. రైజెన్ 5 5600కి కూడా జీ లేకపోతే అంతే.

నర్సాపురం_లేసు:
నేను లేసు డిజైన్లు కంప్యూటర్ మీద వేస్తానండి. సముద్రం దగ్గర కాబట్టి మాకు వచ్చే ఇబ్బంది ఇంకో రకం. నాలుగు రోజులు ముసురు పట్టి కంప్యూటర్ వేయకుండా వదిలేస్తే ఆ తర్వాత ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది. ర్యామ్ తీసి వెలుతురులో పెట్టి చూస్తే బంగారు రంగు పళ్ల మీద మసక పొర కనిపిస్తుంది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే మెత్తటి తెల్ల రబ్బరుతో అటూ ఇటూ మెల్లగా రుద్ది, ఆ పొట్టు దులిపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త దూది మీద వేసి తుడిచి, అది ఆరాక పెడితే లేస్తుంది. గరుకు కాయితంతో రుద్దమని ఎవరైనా చెప్తే వినకండి, పూత లేచిపోతుంది. స్లాట్‌లో మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీయాలి, నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. ఇప్పుడైతే వానాకాలంలో పని ఉన్నా లేకపోయినా రోజూ కాసేపు వేసే ఉంచుతాను, ఆ వేడికి లోపల చెమ్మ నిలవదు. మీవి కొత్త పార్టులు కాబట్టి ఇది కాకపోవచ్చు, కానీ మలికిపురం కూడా సముద్రానికి దగ్గరే కదండీ, ముందు ముందు పనికొస్తుంది.

భీమవరం_చెరువుగట్టు:
మా వైపు అయితే ముందు అడగాల్సింది ఓల్టేజీ ఎంత వస్తోంది అని. సాయంత్రం అయ్యేసరికి చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి, మా ఇంట్లో ట్యూబులైటు వెలగడానికి కూడా తంటాలు పడుతుంది. అలాంటప్పుడు చవక ఎస్‌ఎంపీఎస్ ఉన్న సిస్టమ్ పగలు లేస్తుంది, రాత్రి లేవదు. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని ఎక్కడుందో చూడండి. 100–240 వోల్టులు అని ఉంటే లో ఓల్టేజీకి అంత తొందరగా లొంగదు. 200–240 అనే ఉంటే మాత్రం 170కి పడిపోయినప్పుడు అది మొరాయించడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకోటి, ఇన్వర్టర్ మీద పెట్టి చూస్తున్నారా? పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కీ యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటు సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లకీ కొన్నిసార్లు పడదు, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారగానే సిస్టమ్ ఠక్కున ఆగిపోతుంది. మా బావమరిది ఇంట్లో ఇదే జరిగింది, ప్యూర్ సైన్ వేవ్‌ది పెట్టాక మళ్లీ ఆ గోల లేదు.

మలికిపురం_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్సండీ. ఎస్‌ఎంపీఎస్‌కి క్లిప్ పెట్టి చూశాను, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. పసుపు వైరు మీద 12.1 చూపించింది. స్టిక్కర్ మీద 100–240 అనే ఉంది, ఇన్వర్టర్ మీద కాదు, మామూలు లైను మీదే. 8 పిన్నులది 4+4దే పెట్టి ఉంది.

అసలు విషయం ఏంటంటే, బోర్డు అట్టపెట్టె మీద పెట్టి ఒక్క ర్యామ్‌తో స్క్రూడ్రైవర్ తాకిస్తే లేచింది! బోర్డు కంపెనీ లోగో వచ్చింది, బయోస్‌లోకి, అంటే బోర్డులోనే ఉండే సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లోకి, వెళ్లాను, ప్రాసెసర్ పేరు, ర్యామ్ అన్నీ చూపిస్తోంది. అమ్మని పిలిచి చూపించాను. మళ్లీ కేసులో పెట్టి స్క్రూలు బిగిస్తే అదే అర చుట్టు. కేసే పోయిందా?

తణుకు_సర్వీస్:
కేసు పోవడం కాదు తమ్ముడూ, కేసు రేకు మీద బోర్డు ఎక్కడో ఆనుతోంది. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి కదా, స్క్రూలు దిగే చిన్న దిమ్మెలు. చాలా కేసులకి ఫ్యాక్టరీలోనే పెద్ద ఏటీఎక్స్ బోర్డుకి సరిపడా బిగించి పంపుతారు. నీది మైక్రో ఏటీఎక్స్. కింది వరసలో రంధ్రాలు అక్కడికి రావు. అప్పుడు ఆ దిమ్మె బోర్డు వెనక టంకం చుక్కల మీదకి వచ్చి నిలబడుతుంది. టార్చి పెట్టి, బోర్డు రంధ్రాలూ దిమ్మెలూ ఒకదానికొకటి సరిపోయాయా లేదా చూడు. రంధ్రం లేని చోట దిమ్మె ఉంటే తీసెయ్. బోర్డు వెనక్కి తిప్పి, అక్కడ గుండ్రంగా గీరుకున్న మచ్చ ఏమైనా ఉందేమో కూడా చూడు. వెనక రేకు ఉంటుంది కదా, పోర్టుల దగ్గర పెట్టేది, దాని నాలుకలు హెచ్‌డీఎంఐ సాకెట్‌లోకో యూఎస్‌బీలోకో వంగాయేమో అదీ చూడు, దానివల్ల కూడా ఇలాగే అవుతుంది.

ఆత్రేయపురం_బీటెక్:
ఈ లోపు నేనొకటి చెప్పేస్తాను, ఎందుకంటే మా హాస్టల్‌లో ఇద్దరు దీనివల్లే పార్టులు వెనక్కి పంపేశారు. రైజెన్ 7000 సిరీస్, 9000 సిరీస్, అంటే ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌తో వస్తాయి. మొట్టమొదటిసారి వేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని పరీక్షించుకుని సర్దుకోడానికి చాలా నిమిషాలు పట్టొచ్చు. తెర నల్లగా ఉంటుంది, డీర్యామ్ అని రాసిన లైటు వెలుగుతూనే ఉంటుంది, చూసేవాళ్లకి పోయిందనే అనిపిస్తుంది. మధ్యలో ఓపిక లేక ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఒక పావుగంట దాన్ని అలా వదిలేయండి. ర్యామ్‌లు రెండుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టాలి, నాలుగు స్లాట్‌ల బోర్డులు చాలావాటికి అదే వరస.

ఇక బోర్డు పాతదై ప్రాసెసర్ దానికంటే కొత్తదైతే బయోస్ అప్‌డేట్ చేయకుండా లేవదు. వెనక బయోస్ ఫ్లాష్ బటన్ ఉన్న బోర్డు అయితే ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి, ఫైలు పేరు బోర్డు పుస్తకంలో ఎలా ఉంటే సరిగ్గా అలాగే మార్చాలి.

మలికిపురం_కుర్రాడు:
దొరికిందండీ!! కింది వరసలో మధ్యలో ఉన్న దిమ్మెకి పైన బోర్డులో రంధ్రమే లేదు. బోర్డు తిప్పి చూస్తే అక్కడ టంకం చుక్క మీద చిన్న మెరుపు గీత ఉంది. శ్రావణంతో పట్టుకుని తిప్పితే దిమ్మె వచ్చేసింది. మళ్లీ బిగించాను, లేచింది, విండోస్ కూడా ఎక్కించేశాను. తణుకు అన్నా, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

కానీ ఇప్పుడు ఇంకోటి. చెప్పుల్లేకుండా నిలబడి కేసు రేకు ముట్టుకుంటే వేలికి జిల్లుమంటోంది. టెస్టర్ పెడితే మసగ్గా వెలుగుతోంది. ఆ షార్ట్ ఇంకా మిగిలి ఉందంటారా? అలాగే ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉంటే బయోస్‌లో 2133 అని చూపిస్తోంది, అది మామూలేనా?

ధవళేశ్వరం_వైరింగ్:
ఈ జిల్లు విషయం నేను చెప్తాను, నా పనే వైరింగు. ముందు ఆ కంప్యూటర్ ఆపి ప్లగ్గు తీసెయ్ బాబూ. ఇది ఆ దిమ్మె షార్ట్ కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు రేకుకి కలిపి ఉంటాయి, రేడియో గోల బయటికి పోకుండా. ఎర్తు ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. ఎర్తు లేకపోతే రేకు మీద లైను ఓల్టేజీలో దాదాపు సగం నిలబడుతుంది. అందుకే టెస్టర్ మసగ్గా వెలుగుతోంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుతో సరిపోతోంది, కానీ రేపు ఎస్‌ఎంపీఎస్‌లో నిజంగా ఫేజు రేకుకి తగిలితే ఎర్తు లేని ఇంట్లో ప్రాణం మీదకి వస్తుంది. యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు ఊరికే కాలిపోతున్నాయంటారే, వాటిలో చాలావాటికి మూలం కూడా ఇదే.

మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. పాత ఇళ్లల్లో ఆ పైన ఉండే పెద్ద రంధ్రానికి వెనక వైరే ఉండదు. మల్టీమీటర్‌తో సాకెట్ చూడాలి, నీకు అలవాటు లేకపోతే మీ ఊరి కరెంటు పనివాడిని పిలువు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు లైను ఓల్టేజీ అంతా రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. ఎర్తు రంధ్రాన్ని న్యూట్రల్‌కి కలిపేస్తే సరిపోతుందని కొందరు చేస్తారు, అది మహా ప్రమాదం, న్యూట్రల్ తెగిన రోజు రేకంతా ఫేజే.

భీమవరం_చెరువుగట్టు:
గురువుగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మన డెల్టాలో ఒక సుఖం ఉంది, కాస్త తవ్వితే నీరే కాబట్టి ఎర్తు బాగా పడుతుంది. కష్టం కూడా అక్కడే, మా ఉప్పు నేలలో ఇనప పైపు కొన్నేళ్లకే పొట్టులు పొట్టులుగా రాలిపోతుంది, పైకి చూస్తే బాగానే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. రాగి పూత రాడ్ వేయించాం. దాంతో పాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) కూడా పెట్టించాం, చెరువు మోటార్ల దగ్గర అయితే అది లేకుండా స్విచ్ వెయ్యనివ్వను.

తణుకు_సర్వీస్:
ర్యామ్ 2133 చూపించడం మామూలే తమ్ముడూ. బయోస్‌లో ర్యామ్‌ని డబ్బా మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగు ఎక్స్‌ఎంపీ అనో డీఓసీపీ అనో ఉంటుంది, ఆన్ చేస్తే 3200 వస్తుంది. నీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ర్యామ్ వేగం పెరిగితే గేముల్లో తేడా బాగానే తెలుస్తుంది. ఆన్ చేశాక ఒకవేళ లేవకపోతే కంగారు పడకు, ప్లగ్గు తీసి, బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, అది తీసి కొన్ని నిమిషాలు ఆగి పెట్టు, సెట్టింగులన్నీ మొదటికొచ్చేస్తాయి. కానీ అది రేపటి పని. ముందు ఎర్తు చూపించుకో.

మలికిపురం_కుర్రాడు:
కరెంటు ఆయన వచ్చి చూశారండీ. సాకెట్ వెనక ఎర్తు వైరు ఉంది గానీ ఇంటి కరెంటు బోర్డు దగ్గర ఎక్కడా కలపలేదు, ఉత్తినే చుట్టచుట్టి వదిలేశారు. పెరట్లో ఎర్తు పైపు కూడా తుప్పు పట్టి ఉంది. కొత్త రాడ్ ఆదివారం వేస్తానన్నారు, ఆర్‌సీసీబీ కూడా అప్పుడే. అందాకా ప్లగ్గు పెట్టను. ఎక్స్‌ఎంపీ ఆ తర్వాత చేసి ఇక్కడే రాస్తాను.