'తూటా దొరికింది సార్' అంటే ఏం దొరికినట్టు?

డబ్బింగ్ గది:
ఒక పోలీసు థ్రిల్లర్ తెలుగు సంభాషణల్లో ఈ రెండు వాక్యాలు వెంటవెంటనే వస్తాయి. "శవంలో ఒక తూటా దొరికింది సార్." "గది మూలన ఇంకో తూటా దొరికింది సార్." మూలభాషలో మొదటిది బుల్లెట్, రెండోది కేసింగ్. ఇన్‌స్పెక్టర్ వెంటనే "అయితే కాల్చింది పిస్టల్‌తో" అంటాడు. తెలుగులో వింటుంటే ఆ "అయితే" ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అంతుపట్టదు. రెండింటికీ తూటా అనే అంటే సరిపోతుందా? వేరే మాటలున్నాయా?

గోదారి గట్టు:
సరిపోదండీ. తూటా అంటే మొత్తం సరుకు. ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ళ, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ వెళ్లి ప్రైమర్‌ని పొడుస్తుంది. ఆ నిప్పుకి మందు అంటుకుంటుంది, పుట్టిన వాయువు గుండుని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. తొడుగు మాత్రం వెనకే ఉండిపోతుంది. శవంలో దొరికేది గుండే. మూలన దొరికింది తొడుగు.

ఇప్పుడు ఆ "అయితే" సంగతి. పిస్టల్ పేలిన ప్రతిసారీ పై భాగం, అంటే స్లైడ్, వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగుని పక్కకి విసిరేస్తుంది. రివాల్వర్‌లో అలా కాదు. ఖాళీ తొడుగులు తిరిగే సిలిండర్‌లోనే ఉంటాయి, దాన్ని తెరిచి దులిపేదాకా కదలవు. అందుకే నేల మీద తొడుగు కనబడితే రివాల్వర్ మీద అనుమానం తగ్గుతుంది. అలాగని ఇన్‌స్పెక్టర్ తొందరపడలేదని కాదు. కార్బైన్ అనే పొట్టి తుపాకి, రైఫిల్ కూడా తొడుగుల్ని బయటికి నెడతాయి. రివాల్వర్ కాల్చినవాడు అక్కడే నిలబడి మళ్లీ నింపుకుని ఉంటే తొడుగులు గుంపుగా ఒకేచోట పడతాయి.

పాత నిఘంటువు:
ఈ తేడా మన భాషలో ముందునుంచీ ఉంది. "మందుగుండు" అనే మాటను విడదీయండి. మందు వేరు, గుండు వేరు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి కాల్చిన రోజుల మాట అది. రెండింటినీ ఒక కాగితపు పొట్లంలో చుట్టి ఇచ్చాక వచ్చింది తూటా. 1857 తిరుగుబాటు పాఠంలో మనమంతా చదివిన "ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు" ఇవే. సిపాయిలు పంటితో కొరకాల్సింది ఆ పొట్లాన్ని, సీసపు గుండుని కాదు. పాఠ్యపుస్తకం రాసినవాళ్లు అక్కడ మాటను సరిగ్గానే వాడారు.

తమిళంలో తోట్టా, కన్నడంలో తోటా కూడా ఈ మాటే. బావులు తవ్వేటప్పుడు బండ పగలగొట్టే మందుకడ్డీని కూడా కొన్నిచోట్ల తోటా అంటారు. దానికి గుండే ఉండదు, అయినా మందు నింపిన పొట్లమే కాబట్టి పేరు అతికింది.

ఓరుగల్లు పిల్ల:
నిఘంటువు లెక్క కరెక్టే గానీ జనం నోట్ల ఆ మాట ఎప్పుడో జరిగిపోయింది. "తూటా తగిలి చనిపోయిండు" అంటరు, "తూటాల్లాంటి మాటలు" అంటరు. తగిలేది గుండే అయినా అనేది తూటానే. ఇగ తెర మీద ఎస్ఐ గంభీరంగ "గుండు దొరికింది సార్" అంటే హాలంత నవ్వుతది. గుండంటే బోడి తల, గుండంటే బండరాయి. "గుండు దెబ్బ" అంటే పర్వాలేదు, ఒక్క గుండు అనొద్దు. శవంల దొరికినదాన్ని బుల్లెట్ అని పెట్టండి, నిజం పోలీసులు కూడ గదే అంటరు. మూలన దొరికినదాన్ని "ఖాళీ తూటా" అనండి. పేపర్లల్ల రోజూ వచ్చే మాటే.

గోదారి గట్టు:
"ఖాళీ తూటా" బాగుందమ్మా, ఒప్పుకుంటున్నాను. నేను "తూటా తొడుగు" అందామనుకున్నాను గానీ నోటికి బరువు. ఒక్క జాగ్రత్త. ఈ రెండు మాటలూ సినిమా చివరిదాకా మారకూడదు. ఎందుకంటే ల్యాబ్ సీన్‌లో రెండూ వేర్వేరు సాక్ష్యాలు. రైఫిల్, పిస్టల్, రివాల్వర్ గొట్టాల లోపల మెలితిరిగిన గాడులుంటాయి, వాటి గీతలు బుల్లెట్ ఒంటి మీద పడతాయి. ఖాళీ తూటా అడుగున ఫైరింగ్ పిన్ గుంట, దాన్ని లాగి విసిరిన కొక్కెం గీతలు ఉంటాయి. అనుమానం ఉన్న తుపాకితో ల్యాబ్‌లో ఒకటి కాల్చి, దాన్నీ ఘటనాస్థలంలో దొరికినదాన్నీ కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. తూటా వేసి కాల్చే నాటు తుపాకి, రెండు గొట్టాల వేట తుపాకి అయితే గొట్టం నున్నగా ఉంటుంది. అందులోంచి వెళ్లే చిన్న సీసపు రవ్వల మీద పోల్చదగ్గ గాడి గీతలు పడవు, ఖాళీ తూటాయే దిక్కు. డబ్బింగ్‌లో రెండింటినీ తూటా అనేస్తే ఈ సీన్ మొత్తం గాలికి పోయినట్టే.

డబ్బింగ్ గది:
ఇదే స్క్రిప్టులో ఇంకొన్ని ఉన్నాయి, ఇవీ చూడండి. "మూడు రౌండ్లు కాల్చాడు." "అతని దగ్గర 38 రివాల్వర్ ఉంది." "12 ఎంఎం బోర్ గన్." "గ్లాక్ హేమర్ లాగి గురిపెట్టాడు." "మ్యాగజైన్ తీసేశా, ఇక భయం లేదు." "ఇద్దరినీ కాల్చి చంపారు."

గోదారి గట్టు:
రౌండ్ అంటే ఒక తూటా. మూడు రౌండ్లంటే మూడుసార్లు పేలింది, అంతే. మూడు విడతలు అని రాస్తే తప్పు.

38 ముందు చుక్క ఉండి తీరాలి, చదివేటప్పుడు "పాయింట్ త్రీ ఎయిట్" అనాలి. అది గొట్టం లోపలి వెడల్పుకి అంగుళం లెక్క. చుక్క ఎగిరిపోతే 38 అంగుళాల వెడల్పు గొట్టం, ఫిరంగికి కూడా ఎక్కువే. పాత పోలీసు రైఫిల్ "త్రీ నాట్ త్రీ"లో నాట్ అంటే సున్నా, దానికీ నాటు తుపాకికీ చుట్టరికం లేదు. పాయింట్ 303 అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. 12 బోర్‌కి ఎంఎం తగిలించకండి. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒకటి ఎంత లావుంటుందో గొట్టం అంత వెడల్పు, దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 16 బోర్ 12 కంటే చిన్నది.

గ్లాక్ అనే పిస్టల్‌కి బయట హేమర్, అంటే వెనక ఉండే చిన్న సుత్తి, ఉండదు. లాగడానికేం లేదు, టిక్కుమనే చప్పుడూ తీసేయించండి. మన పోలీసుల చేతుల్లో చాలాకాలంగా ఉన్న ఇషాపూర్ తయారీ 9 ఎంఎం పిస్టల్ అయితే సరే, దానికి హేమర్ బయటికే ఉంటుంది, మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే పెట్టెలో, 13 పడతాయి.

మ్యాగజైన్ వాక్యం నిజంగా ప్రమాదం. మ్యాగజైన్ తీసినా గొట్టం వెనక అరలో ఒక తూటా ఉండిపోవచ్చు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి అర ఖాళీ అయిందో లేదో కంటితో చూడాలి. ఆ వరస తిరగబడితే మ్యాగజైన్ నుంచి ఇంకోటి అరలోకి ఎక్కుతుంది. మూలంలో ఆ పాత్ర కావాలనే పొరపాటు చేస్తుంటే మాత్రం వాక్యాన్ని ముట్టుకోవద్దు, తర్వాతి సీన్‌లో అదే పేలుతుంది.

పాత నిఘంటువు:
"కాల్చి చంపారు" దగ్గర చిక్కు తెలుగుది. కాల్చడం నిప్పుతోనూ అవుతుంది, తుపాకితోనూ అవుతుంది. తుపాకి తెర మీద కనబడితే ఇబ్బంది లేదు. ఫోన్‌లో ఎవరో చెబుతుంటే మాత్రం "తుపాకీతో కాల్చి" అని తీరాలి, లేకపోతే వినేవాడికి కాలిన శవాలు కళ్లముందు కదులుతాయి.

హేమర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పాత తెలుగులో దాన్ని తుపాకి గుర్రం అనేవారు. తమిళంలో కుదిరై, హిందీలో ఘోడా, అన్నీ గుర్రాలే. ఇంగ్లీషువాళ్లు కోడిపుంజు అన్నారు. ఇప్పుడు "గుర్రం లాగాడు" అని రాస్తే జనం జట్కా బండి అనుకుంటారు, అది వేరే మాట.

ఓరుగల్లు పిల్ల:
తుపాకులా, తుపాకీలా?

పాత నిఘంటువు:
తుపాకి అని హ్రస్వంగా రాస్తే కత్తి, కత్తులు లాగే తుపాకులు. తుపాకీ అని దీర్ఘం పెట్టినవాళ్లు తుపాకీలు అంటున్నారు. పారసీ తుఫంగ్ వైపు నుంచి వచ్చిన మాటైనా మన బహువచనంలో ఎప్పుడో ఒదిగిపోయింది. నా ఓటు తుపాకులకే.

డబ్బింగ్ గది:
సరే, ఇలా మారుస్తున్నాను. "శవంలో బుల్లెట్ దొరికింది సార్." "మూలన ఖాళీ తూటా ఒకటి పడి ఉంది సార్." "ఒక్కటేనా? అయితే రివాల్వర్ కాకపోవచ్చు." పెదాల కదలికకి రెండు అక్షరాలు ఎక్కువవుతున్నాయి.

ఓరుగల్లు పిల్ల:
రెండో "సార్" తీసెయ్యండి, సరిపోతది.