క్యాసిల్టన్ వెళ్లడం ఎలా? మ్యాప్ పిచ్చెక్కిస్తోంది

గోదారి గట్టు:
పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, తల వాచిపోయింది. శనివారం అమ్మానాన్నల్ని ఇక్కడ ఇంగ్లండ్‌లో క్యాసిల్టన్ అనే ఊరికి తీసుకెళ్లాలి. కోట, గుహలు, మామ్ టార్ కొండ అన్నీ ఒక్కరోజులో చూపిద్దామని ప్లాన్. రైలు టికెట్లు కూడా తీసేశాను. తీరా స్టేషన్ నుంచి పెవరిల్ కోటకి నడక ఎంతసేపని చూస్తే పది గంటల పైనే అంటోంది మ్యాప్! ఊరి స్టేషన్ నుంచి ఊరి కోటకి అంత దూరం ఎలా ఉంటుందండీ? యాప్ తీసేసి మళ్లీ పెట్టాను, మా ఆవిడ ఫోన్లో చూశాను, అదే గోల. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ముసురు వాన:
మామ్ టార్ మాత్రం మిస్ అవకండి. 517 మీటర్లే, కానీ పైనుంచి ఒకవైపు ఎడేల్ లోయ, ఇంకోవైపు హోప్ లోయ రెండూ కనిపిస్తాయి. గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. మంకీ క్యాప్ పెట్టుకోండి, ఎవరు నవ్వినా పట్టించుకోకండి.

మాంచెస్టర్ మావయ్య:
ముందు ఒక విషయం తెలుసుకోవాలి బాబూ. మీరు వెళ్తున్నది పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కుకి. 1951లో బ్రిటన్ మొత్తానికి మొట్టమొదటి నేషనల్ పార్కు అదే. ఇవాళ మనం ఆ కొండల మీద హాయిగా ఫొటోలు దిగుతున్నామంటే ఊరికే రాలేదు. అప్పట్లో ఆ బీడు కొండలన్నీ జమీందార్ల వేట కోసం, కాపలావాళ్లు కర్రలు పట్టుకుని తరిమేవారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు నుంచి కొన్ని వందల మంది కుర్రకారు, ఎక్కువగా కార్మికులు, హేఫీల్డ్ నుంచి కిండర్ స్కౌట్ కొండ మీదికి పర్మిషన్ లేకుండా నడిచి వెళ్లారు. షెఫీల్డ్ వాళ్లు ఎడేల్ వైపు నుంచి వచ్చి కలిశారు. బెన్నీ రాత్‌మన్ అనే కుర్రాడు ముందు నిలబడ్డాడు. ఐదుగురికి జైలు పడింది. ఆ శిక్షలు చూసి జనానికి కోపం వచ్చి, కొండల మీద నడిచే హక్కు కోసం ఉద్యమం ఇంకా పెరిగింది. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. ఇది తెలియకుండా కొండెక్కితే ఏం లాభం?

గోదారి గట్టు:
మంచి విషయమే మావయ్యగారూ, కానీ నా ప్రశ్న స్టేషన్ గురించి.

ఒక్కమాట:
ఏ స్టేషన్?

గోదారి గట్టు:
చెప్పాను కదండీ. క్యాసిల్టన్.

పులిహోర పొట్లం:
నేషనల్ పార్కు అంటున్నారు, గేటు దగ్గర ఎంట్రీ టికెట్ ఎంత? మేము ఐదుగురం, పిల్లలకి వేరే రేటు ఉంటుందా?

ముసురు వాన:
గేటే లేదండీ. అది మన దగ్గర లాగా కంచె వేసిన అడవి కాదు. లోపల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, 38 వేల మంది దాకా కాపురం ఉంటున్నారు. భూమి చాలావరకు ప్రైవేటు వాళ్లదే. గొర్రెలుంటాయి, దాటాక గేటు వేయడం మర్చిపోకండి.

గోదారి గట్టు:
ఎంట్రీ గురించి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నేను నేషనల్ ట్రస్ట్ మెంబర్‌షిప్ కట్టాను. కోటకి అది చాలు కదా?

మాంచెస్టర్ మావయ్య:
నేషనల్ పార్కు, నేషనల్ ట్రస్ట్ అన్నీ ఒకటే ప్రభుత్వ శాఖ కదా, చాలు.

ముసురు వాన:
కాదు మావయ్యా, అస్సలు కాదు. నేషనల్ పార్కుని చూసుకునే అథారిటీ వేరు. నేషనల్ ట్రస్ట్ ప్రభుత్వానిది కానే కాదు, అదొక చారిటీ. మామ్ టార్ కొండ వాళ్లది, అక్కడ కార్ పార్కింగ్ మెంబర్లకి ఫ్రీ. పెవరిల్ కోటని చూసేది ఇంగ్లిష్ హెరిటేజ్, అదింకో చారిటీ. మీ నేషనల్ ట్రస్ట్ కార్డు కోటలో పనిచేయదు. ఇక గుహలు ప్రైవేటు, వాటికి ఈ రెండు కార్డులూ పనికిరావు.

మాంచెస్టర్ మావయ్య:
ఇంగ్లిష్ హెరిటేజ్ ప్రభుత్వానిదే. నేను ఇరవై ఏళ్ల నుంచి ఈ దేశంలో ఉంటున్నాను.

ముసురు వాన:
అప్పుడు ప్రభుత్వానిదే. 2015లో విడదీసి చారిటీ చేశారు. కట్టడాలు ఇప్పటికీ ప్రజలవే, నిర్వహణ మాత్రం చారిటీది.

మాంచెస్టర్ మావయ్య:
అంటే నేను చెప్పిందే కదా.

రాళ్లూ రప్పలూ:
గుహలు గుహలు అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. అక్కడ చూపించే వాటిలో స్పీడ్‌వెల్ అనేది నిజానికి గుహ కాదు, గని. 1770లలో సీసం కోసం కొండని తొలిచి, నీళ్లు నింపి పడవల మీద ఖనిజం లాగుదామనుకున్నారు. సీసం సరిగ్గా దొరక్క నష్టపోయి వదిలేశారు. ఆ సొరంగంలోనే ఇప్పుడు టూరిస్టుల్ని పడవలో తిప్పుతున్నారు. తవ్వుకుంటూ వెళ్తే మధ్యలో సహజమైన గుహ తగిలింది, అది వేరే సంగతి. అసలైన సహజ గుహ పీక్ కావర్న్. బ్రిటన్‌లోకెల్లా పెద్ద గుహ ముఖద్వారం దానిదే. ఆ ద్వారంలోనే తాళ్లు పేనేవాళ్లు కొన్ని వందల ఏళ్లు పని చేసుకున్నారు, ఇళ్లు కూడా అక్కడే కట్టుకున్నారు. ఊరివాళ్లు దాన్ని పిలిచే పాత పేరు ‘దెయ్యం పిర్ర’ అనే అర్థం వచ్చేది, బోర్డు మీద కూడా అదే ఉంటుంది, పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ట్రీక్ క్లిఫ్, బ్లూ జాన్ రెండూ కూడా సహజ గుహలే, కానీ వాటిలో బ్లూ జాన్ రాయి తవ్వారు. ఊదా, పసుపు చారలుండే ఫ్లోరైట్ అనే ఖనిజం అది. అది ఈ కొండలో తప్ప ఎక్కడా...

పులిహోర పొట్లం:
గుహ అయినా గని అయినా లోపల టాయిలెట్ ఉందా అండీ?

ఒక్కమాట:
గోదారి గట్టు గారూ, టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరేంటి?

గోదారి గట్టు:
మాంచెస్టర్ విక్టోరియా. ఇరవై నిమిషాల్లోపే దింపేస్తుంది, టికెట్ కూడా చవకే. అందుకే ఇంత దగ్గరా అని సంతోషపడ్డాం.

ఒక్కమాట:
అది రాచ్‌డేల్ దగ్గరి క్యాసిల్టన్. మీకు కావలసింది డార్బీషైర్‌లోది. అక్కడ రైల్వే స్టేషనే లేదు.

గోదారి గట్టు:
ఏంటీ?? పక్క పక్క కౌంటీల్లో రెండు ఊళ్లకి ఒకటే పేరా? టికెట్ అమ్మేటప్పుడు ఏ క్యాసిల్టన్ అని అడగొద్దా వీళ్లు?

ముసురు వాన:
రెండు కాదు, నార్త్ యార్క్‌షైర్‌లో ఇంకోటి ఉంది. దాని స్టేషన్ పేరు క్యాసిల్టన్ మూర్. అదృష్టం, అది కొనలేదు.

ఒక్కమాట:
దిగాల్సింది హోప్ స్టేషన్. ఎక్కాల్సింది మాంచెస్టర్ పికడిల్లీ నుంచి. షెఫీల్డ్ వెళ్లే, అన్ని స్టేషన్లలో ఆగే బండి ఎక్కాలి. ఎక్స్‌ప్రెస్ ఆగదు. బుక్ చేసేటప్పుడు ‘హోప్, డార్బీషైర్’ అని చూసుకోండి. వేల్స్‌లో కూడా ఒక హోప్ ఉంది.

గోదారి గట్టు:
దేవుడా. సరే, హోప్ నుంచి నడవొచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు.

ముసురు వాన:
అయ్యో, ఇది ముందే చెప్పాలి కదండీ! మామ్ టార్ ఎక్కమని నేను ఊదరగొట్టాను. హోప్ నుంచి క్యాసిల్టన్ సుమారు 3 కిలోమీటర్లు. వాగు పక్కన పొలాల్లోంచి దారి ఉంది, దాదాపు చదునే, కానీ వాన పడితే బురద. ఆమెకి వద్దు. మెయిన్ రోడ్డు మీద 272 బస్సు వస్తుంది, షెఫీల్డ్ నుంచి క్యాసిల్టన్ వెళ్లేది. టైమింగ్స్ ముందే చూసుకోండి, ఒకటి పోతే రెండోదానికి చాలాసేపు ఉండాలి.

కోట సంగతి కూడా విప్పి చెప్తాను. అది ఊరి మీద నిటారు కొండ అంచున ఉంటుంది. విలియం పెవరిల్ కట్టించిన కోట, బురుజు మాత్రం 1176లో రెండో హెన్రీ కట్టించింది. మలుపులు తిరిగే ఏటవాలు దారి, వేరే దారి లేదు. నాన్నగారు ఎక్కితే ఎక్కుతారు, అమ్మగారికి వద్దు. స్పీడ్‌వెల్ పడవ దాకా వంద మెట్లకి పైనే దిగాలి, మళ్లీ ఎక్కాలి. బ్లూ జాన్ గుహలో మెట్లు ఇంకా ఎక్కువ. పీక్ కావర్న్ మేలు. ఊరి మధ్యలోంచి వాగు పట్టుకుని కాసేపు నడిస్తే చాలు. లోపల కొన్ని మెట్లున్నాయి, కానీ ఆ ముఖద్వారం చూడ్డానికి మెట్లే అక్కర్లేదు. కోట సరిగ్గా దాని నెత్తి మీదే ఉంటుంది, కింద నుంచే రెండూ చూపించేయొచ్చు. లోపల ఎండాకాలంలో కూడా చలిగా ఉంటుంది, శాలువా పెట్టుకోండి.

రాళ్లూ రప్పలూ:
ఓపిక ఉంటే నాన్నగారిని విరిగిపోయిన రోడ్డుకి తీసుకెళ్లండి. మామ్ టార్ కింద పాత ఏ625. ఆ కొండ అడుగున మెత్తటి షేల్ రాయి, వానాకాలం నీళ్లు పీల్చుకుని జారుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు తారు వేసినా కుంగేది. విసిగిపోయి 1979లో మూసేశారు. పొరలు పొరలుగా చీలిన తారు ఇప్పటికీ అలాగే ఉంది. కోటల కన్నా అది చూడ్డమే నాకిష్టం. ఆర్ అండ్ బీలో పని చేసినవాళ్లెవరైనా ఉంటే అక్కణ్నుంచి కదలరు.

గోదారి గట్టు:
నాన్న రిటైరైంది ఆర్ అండ్ బీలోనే!

మాంచెస్టర్ మావయ్య:
నాన్నగారికి కిండర్ సంగతి కూడా చెప్పండి బాబూ. ఎడేల్ స్టేషన్ హోప్‌కి ముందు వచ్చేదే. దిగి అక్కడ...

ఒక్కమాట:
మోకాళ్ల నొప్పులు.

మాంచెస్టర్ మావయ్య:
నేను చెప్పింది నాన్నగారికి.

గోదారి గట్టు:
హోప్‌కి కొత్త టికెట్లు తీశాను. పాతవాటికి డబ్బులు వెనక్కి రావట. థాంక్స్ అండీ అందరికీ. అమ్మ పడవ ఎక్కాల్సిందే అంటోంది, చూడాలి.

పులిహోర పొట్లం:
మేము కార్లో వెళ్తున్నాం. శనివారం పదకొండింటికి వెళ్తే ఊళ్లో పార్కింగ్ దొరుకుతుందా?

ఒక్కమాట:
వేరే పోస్ట్ పెట్టండి.