అప్‌డేట్: చెర్రీ రొయ్యలు గుడ్లు వదిలేయడం ఆగింది

మా అక్వేరియంలో పెంచే చిన్న ఎర్ర చెర్రీ రొయ్యలు పొట్ట కింద మోస్తున్న గుడ్లను మధ్యలోనే వదిలేస్తున్నాయని ఎండాకాలంలో అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నీళ్లు చూడమన్నవాళ్లు చెప్పిందే నిజమైంది. మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో మంజీరా కుళాయి నీళ్లు తగ్గి, ట్యాంకర్ బోరు నీళ్లు వచ్చాయి. ఉప్పు బాగా ఎక్కువ. ఒకేసారి సగం నీళ్లు మారేసరికి రొయ్య గుడ్లు పిల్లలు కాకముందే కుబుసం (పై పెంకు) విడిచేది. అక్వేరియం షాపాయన అడుగున పడున్న కుబుసం తీసి చూపించారు, గుడ్లు దానికే అంటుకుని ఉన్నాయి!

ఇప్పుడు కొత్త నీళ్లు కొద్దికొద్దిగా, చుక్కలుగా పోస్తున్నా. కొందరు అనుమానపడ్డ నత్తలకూ మేతకూ దీంతో సంబంధం లేదు. పాడైన గుడ్డును తల్లే ఏరి పారేస్తుంది, అది మామూలే. మంచివాటికి మాత్రం ఈదే కాళ్లతో విసనకర్రలా నీళ్లు ఆడిస్తూనే ఉంటుంది, చూస్తే ముచ్చటేస్తుంది. పిల్లలొచ్చాయి, 2 మిల్లీమీటర్లు ఉంటాయేమో, అచ్చం తల్లి రూపమే. బయటికొచ్చాక తల్లి పట్టించుకోదు కాబట్టి, పిల్లలు లోపలికి లాక్కుపోకుండా ఫిల్టర్ మూతికి స్పాంజి తప్పకుండా పెట్టండి.