వాతాదమా, వాతామమా? తాతయ్య చదివిన శ్లోకం ముక్క

నాగావళి గట్టు: చిన్నప్పుడు పెరట్లో నాటుబాదం కాయలు రాయి మీద పెట్టి కొడుతుంటే మా తాతయ్య అరుగు మీద కూచుని ఒక శ్లోకం ముక్క చదివేవారు, "వాతాదో వాతవైరీ" అని మొదలయ్యేది, తర్వాత "నేత్ర" అని ఏదో ఉండేది. ఆయన అన్నది వాతాదో అనా, వాతామో అనా? మూడ్రోజులై బుర్ర తినేస్తోంది, ఇంట్లో అడిగేవాళ్లు కూడా లేరిప్పుడు.

సాలూరు సంత: "వాతాదో వాతవైరీ స్యాన్నేత్రోపమఫలస్తథా". భావప్రకాశం అన్న ఆయుర్వేద గ్రంథంలో బాదం గురించి చెప్పింది. ద-యే. సంస్కృతంలో 'అద్' అంటే తినడం, వాతాన్ని తినేసేది అని. పక్కనే వాతవైరి అని కూడా అన్నాక ఇంక అనుమానం ఏటి?

గంటస్తంభం: ఆగండాగండి మేస్టారూ. భావప్రకాశం 16వ శతాబ్దానిది. అంతకంటే చాలా పాత వైద్యగ్రంథం చరకసంహిత, దాని సూత్రస్థానం 27లో "వాతామాభిషుకాక్షోటముకూలకనికోచకాః" అని ఉంది, అక్కడ మ. పాతరూపం అదే. అసలు దాంట్లో వాతమే లేదు, ఫారసీకి పాతరూపమైన పహ్లవీలో వాదామ్, తర్వాత ఫారసీలో బాదామ్, మనకి బాదం. వాదామ్‌ని సంస్కృతం చేస్తే వాతామ అయింది, తర్వాతెవరో వాతం అని విడగొట్టి చూసి, మిగిలిన మ-కి అర్థం కుదరక ద చేసేశారని నా ఊహ.

సాలూరు సంత: ఊహే కదా. వైద్యులు మాటని చూసి మందివ్వరండీ, గుణం చూసి ఇస్తారు. మీరు చెప్పిన చరకంలోనే తర్వాత ముక్క గురు, ఉష్ణ, స్నిగ్ధ, మధుర అని. ఉష్ణం, స్నిగ్ధం వాతానికి విరుగుడా కాదా?

గంటస్తంభం: విరుగుడే. అందుకే ఆ తప్పు అంత బాగా అతుక్కుంది.

బొబ్బిలి వీణ: ఛందస్సు కూడా సాయం చెయ్యదు, దో అయినా మో అయినా గురువే. నేత్రోపమఫలం సంగతి ఎవరూ ఎత్తరేం? కంటిలాంటి కాయ. బజారులో బాదంపప్పూ అలాగే ఉంటుంది, మన పెరటికాయా రెండు కొసలూ సన్నంగా అలాగే ఉంటుంది. కానీ చరకంలో పక్కనున్నది అక్షోటం, అంటే అక్రోటు, చలికొండల సరుకు. కాబట్టి అది ఆ బాదమే. మన చెట్టుకి దాంతో ఏ చుట్టరికమూ లేదు, దీని అన్నదమ్ములు కరక, తాని, మద్ది. అదేమో గులాబీ కుటుంబం, పీచ్ పండుకి తోబుట్టువు. పప్పు రుచి కలిసిందని పేరు అంటించేశారంతే.

నాగావళి గట్టు: మరి తాతయ్య మా చెట్టు కిందే కదమ్మా చదివారు 🙂

కళింగపట్నం: తాతగారిదేం తప్పు కాదు. మోనియర్ విలియమ్స్ సంస్కృత-ఇంగ్లీషు నిఘంటువులో ఇంగుది అన్న మాట దగ్గర టెర్మినాలియా కటప్పా అని రాసుంది, అంటే అచ్చంగా మన పెరటి బాదం. ఇప్పుడు శాకుంతలం మొదటి అంకం తియ్యండి, "ప్రస్నిగ్ధాః క్వచిదింగుదీఫలభిదః సూచ్యంత ఏవోపలాః". కాయలు కొట్టీ కొట్టీ నూనెదేరిన రాళ్లు చూసి రాజు ఇది ఆశ్రమం అని పోల్చుకుంటాడు. మా నూతి గట్టున అలాంటి రాయి ఇప్పటికీ ఉంది, నడిమిన గుంట పడిపోయి, దాని చుట్టూ కాయ తొక్కల ఎర్రమరక, ఎన్ని వానలు కురిసినా పోలేదు. కాళిదాసు కాకపోతే రాయిని ఎవడు చూస్తాడండీ!

గంటస్తంభం: రాయి బాగుంది, చెట్టే తప్పు. ఇంగుది గారచెట్టు. అమరకోశంలో "ఇంగుదీ తాపసతరుః", మునులు నూనె తీసుకునే చెట్టు. మన బాదం సముద్రపొడ్డుది, కటప్పా అన్న పేరే మలయ్ మాట కెటపాంగ్ నుంచి వచ్చింది. అది కణ్వుడి ఆశ్రమానికి ఎలా ఎక్కిందంటారు?

కళింగపట్నం: కాళిదాసుకి మన తీరం తెలీదనా? రఘువంశం నాలుగో సర్గలో రఘువు మహేంద్రగిరి దాకా వచ్చాడు, సైనికులు తమలపాకుల్లో కొబ్బరికల్లు తాగారు, "నారికేళాసవం యోధాః".

బొబ్బిలి వీణ: కల్లు తాగారు సరే, నంజుకోడానికి బాదం ఉన్నట్టు చెప్పలేదుగా.

సాలూరు సంత: కాళిదాసే కావాలంటే కుమారసంభవం మూడో సర్గ, "మృగాః ప్రియాలద్రుమమంజరీణాం". పుప్పొడి కళ్లలో పడి లేళ్లకి చూపానదు. ఆ ప్రియాలం మన సారపప్పు చెట్టు. నన్నడిగితే మన కొండలకి అసలు బాదం అదే, పాయసంలో వేసి చూడండి.

నాగావళి గట్టు: అందరికీ దండాలు. ఇంతకీ ద-నా, మ-నా?

గంటస్తంభం: మ.

సాలూరు సంత: ద.

బొబ్బిలి వీణ: నువ్వు విన్నప్పటికి తాతగారికి పళ్లున్నాయా బాబూ? ద దంత్యం కదా.

నాగావళి గట్టు: ముందు పళ్లు రెండూ లేవు, బాదంపప్పు మేం నలిపి పెట్టేవాళ్లం.

గంటస్తంభం: చూశారా, మ!

సాలూరు సంత: మరి వాతవైరిలో త ఎలా పలికారండీ?