రువాండా: రుబావు నుంచి కరోంగికి సైకిల్ మీద ఒక్క రోజులో వెళ్లొచ్చా?

విశాఖ_రైడర్:
జులైలో ఇద్దరం రువాండా వెళ్తున్నాం. కివు సరస్సు పక్క తారు రోడ్డు మీద రుబావు (పాత పేరు గిసెన్యి) నుంచి కరోంగి (కిబుయే) దాకా సుమారు 100 కిలోమీటర్లు. సామానుతో ఒక్క రోజులో అవుతుందా? అరకు ఘాట్ ఎక్కడం మాకు అలవాటే. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కొండదారి:
అవుతుందండీ, కానీ రోజంతా పడుతుంది. అరకు ఘాట్ ఒకసారి ఎక్కేస్తే పైన కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడ అలా కాదు. సరస్సే 1,460 మీటర్ల ఎత్తులో ఉంది. రోడ్డు ఒక వాగు దగ్గరికి దిగుతుంది, మళ్లీ అవతలి కొండ ఎక్కుతుంది, సాయంత్రం దాకా ఇదే వరస. కాబట్టి కిలోమీటర్లు కాదు, మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో మ్యాప్‌లో చూసుకోండి.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాదంతా ఉదయం ఆరు ప్రాంతంలో తెల్లారుతుంది, సాయంత్రం ఆరుకే పొద్దు గుంకుతుంది. ఆ తర్వాత చీకటి చాలా త్వరగా పడుతుంది. తెల్లారగానే బయల్దేరండి. మధ్యాహ్నానికి సగం దూరం దాటకపోతే దారిలోనే బస చూసుకోండి. ఆ వంపుల్లో రాత్రి తొక్కడం వద్దు.

చైన్‌లూబ్:
గేర్లు తేలికగా ఉండాలి. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది, ఇది లేకుండా సామానుతో వెళ్లకండి. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించుకుని, ఇంకో జత దగ్గర పెట్టుకోండి. జులై పొడి కాలం కాబట్టి బురద భయం తక్కువ.

కిగాలీలో_తెలుగు:
నేనిక్కడే ఉద్యోగం చేస్తున్నాను. కొన్ని విషయాలు చెప్తాను.

ఇక్కడ బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. ఉగాండాలో మనలాగే ఎడమ. మీరు ఉగాండా నుంచి సరిహద్దు దాటి వస్తుంటే మొదటి గంట చాలా జాగ్రత్త. సామాను పాలిథిన్ కవర్లలో చుట్టి తేకండి, 2008 నుంచి నిషేధం.

తిండికి లోటు లేదు. చిన్న కొట్లలో ఉడికించిన గుడ్లు, చపాతీ, అమందాజి (మైదాతో వేయించిన తీపి ఉండలు) దొరుకుతాయి. పాల దుకాణాల్లో ఇకివుగుటో అడగండి. పులిసిన చిక్కటి పాలు, పెరుగు ఇష్టపడే మనవాళ్లకు ఎండలో ప్రాణం లేచొస్తుంది. కారం కావాలంటే అకబంగా అనే మిరప నూనె చిన్న సీసాలో ఉంటుంది. చుక్కలు చుక్కలుగా వేసుకోవాలి, గుంటూరు వాళ్లైనా సరే!

కొండదారి:
కిగాలీ గారు చెప్పిన గుడ్లు నిజంగా ఆదుకుంటాయి. నేను ఒకటి కలుపుతాను. దారిలో గేర్లు లేని సైకిళ్ల మీద అరటి గెలలు, బంగాళాదుంప బస్తాలు వేసుకుని ఎక్కుతూ కనిపించేవాళ్లకు దారి ఇవ్వండి. బరువుతో దిగేటప్పుడు వాళ్లు చటుక్కున ఆగలేరు. మనకది సరదా ప్రయాణం, వాళ్లకది రోజు కూలి. ఎదురైతే ‘మురాహో’ అని పలకరించండి, ఆప్యాయంగా మాట్లాడతారు.

నల్లమల_సైకిల్:
నా మాట కొంచెం వేరు. మీకు ఇంకో రోజు ఉంటే తారు రోడ్డు వదిలి కాంగో నైల్ ట్రైల్ పట్టుకోండి. రుబావు నుంచి రుసిజి దాకా మొత్తం 227 కిలోమీటర్లు, మీకు కావలసింది కరోంగి వరకే. మధ్యలో కినును దగ్గర ఆగితే కాఫీ పండ్లు కడిగి ఆరబెట్టడం చూడొచ్చు. అరకు కాఫీ తోటలు తెలిసినవాళ్లకు అది మరీ నచ్చుతుంది. మట్టి దారి, నడిపించాల్సిన చోట్లూ ఉంటాయి, కానీ సరస్సు పక్కనే ఉంటుంది. ఒక్క రోజులో పరుగెత్తి ఇదంతా వదిలేసుకోవడం నాకు మాత్రం బాధగా ఉంటుంది.

విశాఖ_రైడర్:
అందరికీ చాలా థాంక్స్. అయితే రెండు రోజులు పెట్టుకుని కినునులో ఆగుతాం. శనివారం బయల్దేరదామనుకుంటున్నాం, ఇబ్బందేమైనా ఉందా?

కిగాలీలో_తెలుగు:
నెలలో చివరి శనివారం కాకుండా చూసుకోండి. ఆ రోజు ఉదయం 8 నుంచి 11 దాకా ఉముగాండా, అంటే ఊరంతా కలిసి చేసే శ్రమదానం. కొట్లు మూసేస్తారు, రోడ్డు మీద పోలీసులు ఆపి అడగొచ్చు. మిగతా శనివారాలు ఏ టెన్షన్ లేదు.