అప్‌డేట్: భజన పాటల్లోని "కౌశిక" ఎవరో తెలిసింది

మా అమ్మమ్మ నోటుపుస్తకంలో ప్రతి పాట చివరా "కౌశిక" అని వస్తోంది, ఎవరీయన అని అడిగాను కదా. జవాబు దొరికింది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

ఎక్కువమంది గోత్రం అన్నారు. కిళాంబి వెంకట నరసింహాచార్యులు గారు గోత్రం పేరుతోనే సినీ కవి ఆత్రేయ అయ్యారు కాబట్టి నేనూ నమ్మి, కౌశిక గోత్రం వాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. లాభం లేకపోయింది. పేరు దాచుకున్న సినిమా కవి అన్న ఊహా నిలవలేదు.

పనికొచ్చింది పాత భజన బృందం వాళ్లని అడగమన్న సలహా. అంబాజీపేట దగ్గర 80 దాటిన తాతగారు ఒకరు వినగానే, "కౌశిక అంటే కాలువండీ!" అన్నారు. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి (జాతరకి) గంగలకుర్రు ఊరి ప్రభలు, అంటే దేవుణ్ణి ఊరేగించే అలంకరించిన పెద్ద చట్రాలు, దిగి దాటే ఆ కౌశికే. దాని గట్టున ఉండే ఒక ఇల్లాలు రాసిన పాటలివి. ఆడవాళ్ల పేరు బయటికి రాకూడదని ఇంట్లో పట్టుబడితే, కాలువ పేరు పెట్టుకున్నారట. మనమంతా "ఆయన" అనే అనుకున్నాం.

ఆవిడ మా అమ్మమ్మ నేస్తం. వాళ్ల మనవరాలు చూపించిన ఉత్తరాలతో పోల్చి చూస్తే నోటుపుస్తకంలోది ఆవిడ చేతిరాతే. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి అసలు పేరు ఇక్కడ రాయడం లేదు.